షరతులకు లోబడిన అంగీకారము



ప్రభుత్వ కార్యాలయముల నుండి వెలువడు ఉత్తరువులలో ఒక వాక్యము తరచుగా కానవచ్చును: ‘ఈ దిగువ షరతులకు లోబడి అనుమతి మంజూరు చేయడమైనది.’ దానిని అందుకొన్నవారిలో పలువురు చివరి మాటలు మాత్రము చదివి, సంతోషించి, కాగితమును మడిచి పెట్టెలో దాచుదురు. మా అత్తిలిలో పింఛను పుచ్చుకొనుచున్న నావంటి ఉపాధ్యాయుని యొద్దకు ఇట్టి కాగితములను చదివించుకొనుటకు వచ్చువారు ఇప్పటికిని కలరు. “పర్మిషను వచ్చేసిందండి మాస్టారూ, ఓసారి చూడండి” అందురు. చూడబోగా అనుమతి ఒక పంక్తి, షరతులు రెండు పుటలు. వచ్చినదేమో, రానిదేమో తెలుపునవి ఆ రెండు పుటలే.

నేను న్యాయవాదిని కాను. ముప్పదియైదేండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను. అయినను ఈ విషయమున చట్టము ఎంత పనికివచ్చునో వ్యాకరణమును అంత పనికివచ్చునని నా నమ్మకము. ఆ ధైర్యముతోనే మీ ముందునకు వచ్చితిని.

మొదట మాటను చూతము. షరతు అనునది అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన కచ్చేరీలలో ప్రవేశించి స్థిరపడిన మాట. సంస్కృతమున దీనికి సమయము అను చక్కని పేరు కలదు. సమయమనగా కాలమని మాత్రమే నేటివారు ఎరుగుదురు. అమరసింహుడు ఆ శబ్దమునకు శపథము, ఆచారము, కాలము, సిద్ధాంతము, ఒడంబడిక అని ఐదర్థములు చెప్పెను. నారదస్మృతి వ్యవహారపదములను లెక్కించునపుడు సమయమును గూర్చి ఒక పదమును ప్రత్యేకముగా కేటాయించినది. పదిమంది చేసికొన్న కట్టుబాటును మీరకుండుట అందలి విషయము. కాలమును, షరతును ఒకే శబ్దమున ఇమిడియుండుట నాకు మిక్కిలి ఉచితముగా తోచును. ఏ షరతును గూర్చియైనను అడుగవలసిన మొదటి ప్రశ్న ‘ఎప్పుడు’ అనునదే కదా.

ఇక అంగీకారము. బేరమునందలి అంగీకారము వేరు, అధికారి ఇచ్చు అంగీకారము వేరు. మా ప్రాంతమున ధాన్యపు బేరము జరుగుచుండును. రైతు బస్తాకు ఒక ధర చెప్పును. వర్తకుడు “సరేనండి, గోతాలు మాత్రం మీవే” అనును. చూచువారికి బేరము కుదిరినట్లుండును. 1872వ సంవత్సరపు ఒప్పందముల చట్టము 7వ సెక్షను ప్రకారము అది కుదరలేదు. అంగీకారము సంపూర్ణముగాను, మినహాయింపు లేనిదిగాను ఉండవలెనని ఆ సెక్షను శాసించుచున్నది. గోతముల మాట కలుపుటతో వర్తకుడు రైతు బేరమును త్రోసిపుచ్చి తన బేరమును క్రొత్తగా ఎత్తినవాడగును. ఇప్పుడు సరే అనవలసిన వంతు రైతుది. అనగా బేరమున ‘సరే, గాని’ అన్నచో కాదని అర్థము.

అధికారి విషయమున అట్లు కాదు. ఆయన ‘సరే, గాని’ అన్నచో అది సరే అనుటయే. గాని తరువాత వచ్చునది మన నెత్తిన పెట్టిన బరువు. ఆ బరువును ఎప్పుడు మోయవలెనో, ఎంతకాలము మోయవలెనో, దించినచో ఏమగునో ఉత్తరువులో స్పష్టముగా ఉండవలెను. తరచుగా ఉండదు. ఇక్కడనే వ్యాకరణము అక్కరకు వచ్చును.

చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి మూడు రూపములు జ్ఞాపకముండును. ‘చేసి’ అనునది క్త్వార్థకము. ఒక పని ముగిసిన పిమ్మట మరియొక పని. ‘చేయుచు’ అనునది శత్రర్థకము. రెండు పనులును కూడ నడచుట. ‘చేసినచో’ అనునది చేదర్థకము. ఇది జరిగిన యెడల అది జరుగుననుట. లోకములోని షరతులన్నియు ఈ మూడు రూపములలో ఇమిడిపోవును. ఒక రైతు తన పొలమున చేపలచెరువు త్రవ్వుటకు అనుమతి కోరెననుకొందము. ‘రుసుము చెల్లించి త్రవ్వవలెను’ అన్నచో ముందు రుసుము, ఆ పిమ్మట గునపము. రుసుము కట్టువరకు ఆ కాగితమునకు ప్రాణము లేదు. ‘ప్రక్క పొలములకు ఊటనీరు పోకుండ కాపాడుచు నడుపవలెను’ అన్నచో అనుమతి నేడే పుట్టినది గాని, చెరువున్నంత కాలము ఆ కాపుదల ఉండవలెను. ‘మురుగుకాలువను పూడ్చినచో అనుమతి రద్దగును’ అన్నచో అనుమతి పూర్తిగా బ్రతికియున్నది; దాని చావు ఎట్లు వచ్చునో ముందుగా చెప్పబడినది.

ఇప్పుడు ‘లోబడి’ అను మాటను చూడుడు. రూపము క్త్వార్థకము. అర్థము మాత్రము పై మూడింటిలో ఏదైనను కావచ్చును. ఇంగ్లీషు ఉత్తరువులలోని రెండు చిన్న మాటలకు ఇది అనువాదము. ఆ మూలములోను ఇదే మసక కలదు. సాధించియా, సాధించుచునా, సాధింపనిచో పోవునట్లా అన్నది తేల్చకుండ ఇరువది షరతులను ఒకే మూటగా కట్టుటకు ఇంతకన్న అనుకూలమైన మాట లేదు. వ్రాయువానికి సుఖము. చదువువాని సంగతి వేరు.

ఈ భేదము మన పూర్వులకు తెలియనిది కాదు. ఆదిపర్వములోని శంతనుని రెండు వివాహములే దీనికి చాలును. గంగ శంతనుని వరించినపుడు తానేమి చేసినను అడ్డుచెప్పరాదనియు, కటువుగా పలుకరాదనియు సమయము చేసికొనెను. అది చేదర్థకము. వివాహము వెంటనే జరిగినది, సంసారము సాగినది, ఏడుగురు బిడ్డలు నీటి పాలైనను రాజు నోరు మెదపలేదు. ఎనిమిదవ బిడ్డనాడు నోరు విప్పెను, ఆమె వెడలిపోయెను. సత్యవతి విషయమున దాశరాజు పెట్టినది క్త్వార్థకము. తన కూతురి కొడుకునకు రాజ్యమని మాట ఇచ్చి, ఆ పిమ్మట పిల్లను తీసికొనిపొమ్మనెను. మాట ఈయలేక రాజు వట్టిచేతులతో మరలివచ్చెను. పిమ్మట దేవవ్రతుడు వచ్చి రాజ్యమును వదలుకొనగా, షరతు తీరినది గదా అని మనము అనుకొందుము. దాశరాజు ఊరకుండలేదు. “నీవు వదలుకొంటివి సరే, నీ కొడుకులు వదలుకొందురా?” అను అర్థము వచ్చునట్లు రెండవ షరతు తీసెను. భీష్ముని బ్రహ్మచర్యము ఆ రెండవ షరతు ఫలము. మొదటి షరతు తీర్చుకొని వచ్చినవానికి రెండవది చూపు ఆ నేర్పు చూచినపుడు, దాశరాజు మన కాలమున పుట్టియుండినచో ఏ కార్యాలయములోనైనను రాణించియుండునని నాకు తోచును.

ఇంగ్లీషు ప్రభువుల కాలమున 1882లో వచ్చిన ఆస్తి బదిలీ చట్టము ఈ భేదమును ఎంతో శ్రద్ధగా పాటించినది. ముందు తీర్పవలసిన షరతును చాలవరకు తీర్చినను చాలునని 26వ సెక్షను చెప్పుచున్నది. చట్టము తానే ఒక ఉదాహరణము నిచ్చినది. ముగ్గురి సమ్మతితో పెండ్లి చేసికొన్నచో 5,000 రూపాయలు ఇత్తునని ఒకడు మరియొకనికి వ్రాసెను. ఆ ముగ్గురిలో ఒకరు మరణించిరి. మిగిలిన ఇద్దరి సమ్మతితో పెండ్లి జరిగినచో షరతు తీరినట్లే. కాని సమ్మతి లేకుండ పెండ్లి చేసికొని, పిమ్మట సమ్మతి తెచ్చుకొన్నచో తీరినట్లు కాదు. క్త్వార్థకమునకు ఇంతకన్న చక్కని వ్యాఖ్యానము వ్యాకరణములలోను లేదు. వచ్చిన హక్కును పోగొట్టి మరియొకరికి చేర్చు షరతు మాత్రము అక్షరాల జరిగియుండవలెనని 29వ సెక్షను. అనగా హక్కు వచ్చునపుడు చట్టము కొంచెము చూచిచూడనట్లుండును. పోవునపుడు కన్నులు విప్పి చూచును. దయగల చట్టమనవలెను. గంటలో నూరు మైళ్లు నడచిపోవలెనను షరతుతో పొలము కౌలుకిచ్చిన ఉదాహరణము కూడ అందే, 25వ సెక్షను క్రింద కలదు. అసాధ్యమైన షరతుపై ఆధారపడిన కౌలు చెల్లదు. నవ్వు వచ్చును గాని, అట్టి షరతులు కాగితములపై నేటికిని కనబడుచునే ఉన్నవి.

ధాన్యము అమ్ముకొను రైతు ఈ క్త్వార్థకమును ఎవరును చెప్పకయే ఎరుగును. ప్రభుత్వపు కొనుగోలు కేంద్రమున ధాన్యమునందలి తేమ 17 శాతమునకు మించరాదు. మద్దతు ధర ఇత్తుమను వాగ్దానమునకు ముందు నిలిచిన షరతది. కోతల దినములలో వాన కురిసినచో ఆ ఒక్క అంకెకొరకు రోడ్డువెంబడి ధాన్యము పరచి, టార్పాలిను కప్పి, తీసి, మరల కప్పుచు రైతు పడు పాటు మీరు చూచియేయుందురు. ఆరబెట్టి తెచ్చినచో కొందురు. కొనిన పిమ్మట ఆరబెట్టుదునన్నచో ఎవరును వినరు.

పాఠశాలల గుర్తింపు ఇందుకు భిన్నము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 19వ సెక్షను, అప్పటికే నడచుచున్న పాఠశాలలకు గదులు, ఆటస్థలము, గ్రంథాలయము మొదలైన ప్రమాణములను అందుకొనుటకు మూడేండ్ల గడువిచ్చినది. అందుకొననిచో గుర్తింపు తీసివేయవలెననినది. నడచుచు తీర్చుకొనుమని అర్థము. బడిని మూసివేసి ఆటస్థలము సంపాదింపుమనుట పిల్లలకు మేలు కాదు గనుక ఇది సమంజసమే. నేను పనిచేసిన పాఠశాలలలో ఒకదానికి, ఈ చట్టమునకు పూర్వమే, ఏటేట తాత్కాలిక గుర్తింపు వచ్చుచుండెడిది. ఆటస్థలము చూపవలెనని ఏటేట అదే షరతు. చూపుదుమని ఏటేట అదే జవాబు. ఆ ఆటస్థలమును మేము ఎన్నడును చూడలేదు. అందు చదివిన పిల్లలు పెద్దవారై తమ పిల్లలను కూడ అందే చేర్చిరి. గడువు తీరినపుడు ఏమి జరుగునో నిర్ణయింపని షరతు ఆ ఆటస్థలము వంటిది.

కాగితము తెచ్చినవారికి నేను చెప్పునది చిన్న సంగతి. పెన్సిలుతో ప్రతి షరతు ప్రక్కను ‘చేసి’ యనియో, ‘చేయుచు’ అనియో, ‘చేయనిచో’ అనియో వ్రాసికొనుడు. ఏది వ్రాయవలెనో తెలియని చోట ఆ కార్యాలయమునకు జాబు వ్రాసి, జవాబు వచ్చువరకు ఆ పని ముట్టకుడు. షరతు తప్పినారని చెప్పి అనుమతిని రద్దుచేయబూనిన అధికారి, సంజాయిషీ అడిగి, మీ మాట వినిన తరువాతనే రద్దుచేయుట సహజన్యాయము. గంగవలె మారుమాటకు తావీయక వెడలిపోవు హక్కు సాధారణముగా అధికారులకు లేదు.

ఇంతవరకు చెప్పినవి చిన్న కాగితములు. మా అత్తిలి కాలువకు నీరు ధవళేశ్వరము, విజ్జేశ్వరముల నడుమనున్న ఆనకట్ట నుండి వచ్చును. దానికి ఎగువన పోలవరమువద్ద కట్టుచున్న ప్రాజెక్టుకు వచ్చిన అనుమతుల చరిత్ర చూచినచో, ‘లోబడి’ అను మాట ఎంత బరువు మోయగలదో తెలియును.

ఈ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి 2005 అక్టోబరు 25న వచ్చినది. జలాశయములో నిలుపదలచిన నీటి మట్టము 150 అడుగులు, అనగా 45.72 మీటర్లు. ఆ మట్టమున ఒడిశా, ఛత్తీస్‌గఢ్ భూములు కొన్ని మునుగును. మునుగకుండ శబరి, సీలేరు నదుల వెంబడి రక్షణగట్లు కట్టుటయను ప్రతిపాదన కలదు. ఇట్టి అనుమతికి ముందు ప్రజల అభిప్రాయము వినవలెనని నియమము. అది శుద్ధమైన క్త్వార్థకము. ఆ వినుట ఆంధ్రప్రదేశములో జరిగినది గాని ఎగువ రాష్ట్రములలో జరుగలేదు. ఆ కారణమున 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ అనుమతిని కొట్టివేసినది. మన హైకోర్టు ఆ కొట్టివేతను నిలిపివేసినది. పనులు సాగినవి.

అటవీభూముల అనుమతి వేరు త్రోవ. 1980వ సంవత్సరపు అటవీ సంరక్షణ చట్టము క్రింద అనుమతి రెండు మెట్లుగా వచ్చును. మొదటిది సూత్రప్రాయమైన అంగీకారము. అందు షరతులు చెప్పుదురు. పోయిన అడవికి బదులు వేరొకచోట చెట్లు పెంచుటకును, పోయిన అడవి విలువకును సొమ్ము కట్టవలెను. అవి తీర్చినట్లు నివేదిక పంపిన పిమ్మట తుది అంగీకారము. ‘చేసి’ని ‘చేయుచు’ నుండి వేరుపరచి, రెండింటికి రెండు కాగితములు పెట్టిన ఈ పద్ధతి నాకు నచ్చినది. పోలవరమునకు 3,731.07 హెక్టారుల అడవికి తుది అంగీకారము 2010 జులై 28న వచ్చినది.

పిమ్మట 2011 ఫిబ్రవరి 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ పనులు నిలుపవలెనని ఉత్తరువు చేసినది. ఎగువ రాష్ట్రములలో ప్రజల మాట వినుట జరుగలేదనునదే అక్కడను చిక్కు. ఆ వినుటను జరుపవలసినవారు ఆ రాష్ట్రముల అధికారులు. ప్రాజెక్టు వలదని న్యాయస్థానమునకు వెళ్ళినది ఒడిశా. షరతు తీర్చవలసినవాడు ఒకడు, తీర్చగలవాడు వానితో వ్యాజ్యమాడుచున్నవాడు. పైన చెప్పిన పెండ్లి ఉదాహరణములో ముగ్గురిలో ఒకరు మరణించిరి గనుక చట్టము త్రోవ చూపినది. బ్రతికియుండియు నోరు విప్పని మూడవవానికి ఏమి చేయవలెనో ఆ చట్టము చెప్పలేదు. నిలుపుదల ఉత్తరువును రద్దుచేయలేదు. అమలు జరుపను లేదు. దానిని తాత్కాలికముగా ప్రక్కన పెట్టి, ఆ ప్రక్కన పెట్టుటను గడువు వెంబడి గడువుగా పొడిగించుచు వచ్చిరి. షరతు తీరలేదు, అనుమతి పోలేదు. ఇట్టి స్థితికి వ్యాకరణమున పేరు లేదు.

ఇదే ప్రాజెక్టుతో ముడిపడిన మరియొక షరతు ఇంకను పాతది. గోదావరి నుండి కృష్ణకు 80 టి.ఎం.సీ.ల నీరు మళ్ళించుటకు 1978 ఆగస్టు 4న ఆంధ్రప్రదేశము ఒడంబడిక చేసికొనినది. అందులో 35 టి.ఎం.సీ.లు ఎగువ రాష్ట్రములవి: కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14. ఆ వాటా ఎప్పటినుండి? నీరు నిజముగా మళ్ళిన దినమునుండి కాదు. కేంద్ర జలసంఘము పోలవరమునకు అనుమతించిన దినము మొదలు, నీరు మళ్ళినను మళ్ళకున్నను, అని వ్రాసికొన్నారు. చూచితిరా, ఒకరి అనుమతి మరియొకరి హక్కునకు షరతైనది. మనకు కాలువలో చుక్క పారకముందే పైవారికి హక్కు పుట్టునట్లు ఆ ఒక్క వాక్యము చేసినది. ఆ వాక్యమును వ్రాసినవారు ‘ఎప్పుడు’ అను ప్రశ్నను మరువలేదు. దానికి చెప్పిన జవాబు మనకు రుచించునో లేదో వేరు మాట. స్పష్టత విషయమున మాత్రము నేను దానికి నూటికి నూరు మార్కులు వేయుదును.

2014వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ పునర్వ్యవస్థీకరణ చట్టము 90వ సెక్షనులో ఒక వింత సమ్మతి కలదు. పోలవరమునకు తెలంగాణ రాష్ట్రము సమ్మతించినట్లే భావింపవలెనని అందు శాసించిరి. అడుగలేదు, అనిపించుకొనలేదు, ఇచ్చినట్లే భావించిరి. షరతులతో కూడిన అంగీకారమునకు ఇది సరిగా ఎదురుకొసన ఉన్నది. అచ్చట అంగీకారము ఉన్నది, బరువు వెంట ఉన్నది. ఇచ్చట అంగీకారము లేదు, ఫలము ఉన్నది. అదే సెక్షను పర్యావరణ, అటవీ, పునరావాస విషయములలో కావలసిన అనుమతులన్నియు కేంద్రము సంపాదింపవలెనని కూడ చెప్పినది. భావించి సరిపెట్టుకొనుట ఒక్క రాష్ట్రపు సమ్మతితోనే ఆగినది. అడవికిని, మనుష్యులకును ఆ సౌకర్యమును వర్తింపజేయలేదు. ఇందుకు సంతోషింపవలెను.

మనుష్యుల సంగతి చెప్పి విరమింతును. 2013వ సంవత్సరపు భూసేకరణ, పునరావాస చట్టము 38వ సెక్షనులో, నీటిపారుదల ప్రాజెక్టుల విషయమున, సేకరించిన భూములు మునుగుటకు ఆరు నెలలు ముందుగానే పునరావాసము పూర్తికావలెనని ఉన్నది. నేను చదివిన షరతులలో ఇంత సూటియైనది మరియొకటి లేదు. ముందు ఇల్లు, ఆ పిమ్మట నీరు. నడుమ ఆరు మాసములు. కాని నీరు జలాశయము నిండిననాడే వచ్చునా? ప్రాజెక్టు సగములో ఉండగానే నదికి అడ్డముగా కాఫర్‌డ్యాము లేచినది, స్పిల్‌వే వచ్చినది, ప్రవాహము త్రోవ మారినది. మొదటి దశలో నీటిని 41.15 మీటర్ల వరకే నిలుపుదుమని పనిని దశలుగా విభజించిరి. పునరావాసమును ఆ కొలతను బట్టియే విభజించిరి. 2022 జులై 16న భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. వేలేరుపాడు, కుక్కునూరు మండలముల గ్రామములు నీట నిలిచినవి. కోయలు, కొండరెడ్లు సామాను నెత్తిన పెట్టుకొని గుట్టలెక్కిరి. అది వరద యగుచో చట్టములోని ఆరు నెలల లెక్క ఇంకను మొదలుకాలేదు. అది ముంపు యగుచో ఆ లెక్క ఆ జులైకి ఆరు నెలల ముందే, జనవరిలోనే, ముగిసియుండవలెను. ఏ మట్టము, ఏ దినము, ఏ అడ్డుకట్ట వలన వచ్చిన నీరు అని ఆ సెక్షను విడమరచి చెప్పలేదు.